అచ్చం ఫోటోలో ఉన్నట్టు

కొలత రోజున పళ్ళాయన మనుషుల ముఖాలు చూడడు. ముఖాలు చూస్తే మొహమాటం వస్తుంది, మొహమాటం వస్తే మిల్లీమీటర్లు సాగుతాయి. అందుకని కళ్ళద్దాలు ముక్కు కొసకి దించుకుని, ఒక చేతిలో ఉక్కు స్కేలు, ఇంకో చేతిలో పెన్సిలు పట్టుకుని, గ్రంథాలయం మేడమీది గదిలో పొడుగుబల్ల వెంట ఒక్కో నమూనా దగ్గరా ఆగుతూ వస్తున్నాడు. వెనకాల సంఘం సభ్యులు పదిమంది, పరీక్ష హాలు బయట నిలబడ్డ తల్లిదండ్రుల్లాగా, గొంతు సవరించుకోవడానికి కూడా జంకుతూ నడుస్తున్నారు.

వాళ్ళది పాత వ్యోమనౌకల నమూనాలు కట్టేవాళ్ళ సంఘం. ఉద్యోగాలు వేరు, వయసులు వేరు, పిచ్చి మాత్రం ఒక్కటే. ఏటా ఒక ఆదివారం గ్రంథాలయం కింది హాల్లో ప్రదర్శన పెడతారు. దానికి ముందు సోమవారం కొలత. ప్లానుకి సరిపోయిన నమూనాలు హాల్లో బల్లలెక్కుతాయి. సరిపోనివి గుమ్మం పక్కనున్న బొమ్మల బల్ల మీదికి వెళతాయి. అక్కడ పిల్లలు వాటిని చేత్తో పట్టుకోవచ్చు, తిప్పవచ్చు, విరిచినా ఎవరూ ఏమీ అనరు. ఒకసారి బొమ్మల బల్ల మీదికి వెళ్ళిందంటే ఆ ఏడాదంతా ఆ మనిషి సంఘంలో తలెత్తుకోలేడు.

పళ్ళాయన పళ్ళు అమ్మడు, కడతాడు. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే వాటిని చూసి కట్టుడుపళ్ళు చేసే పని ఆయనది. ముప్పై ఏళ్ళుగా మైనం చెక్కిన చెయ్యి కనక, నౌకల్లోని చిన్న చిన్న భాగాలు ఆయన చెక్కినట్టు ఇంకెవరూ చెక్కలేరు. ముక్కాలి ప్లాను గీసింది కూడా ఆయనే. ముక్కాలి అంటే చంద్రుడి మీద దిగిన ఒక పాతకాలపు నౌకకి సంఘం పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరు పలకడానికి నోరు తిరగదు. మూడు కాళ్ళు, పొట్టకి ఒక తలుపు, తలుపు పక్కన మట్టి తవ్వే పొడుగాటి చెయ్యి. దిగిన మూడో రోజుకే మూగబోయింది. దాన్ని తయారుచేసిన చోట తీసిన ఫోటో ఒక్కటే మిగిలింది. నౌకకి అటొకడు ఇటొకడు తెల్లకోట్లు వేసుకున్న మీసాల మనుషులిద్దరుంటారు, అందులో ఒకాయన ఎడమచేత్తో పానా బిగిస్తుంటాడు. ఆ ఫోటో చూసి పదమూడేళ్ళ కిందట పళ్ళాయన ప్లాను గీశాడు. ఆ ప్లాను చూసి సంఘంలో ఐదుగురు ఐదు ముక్కాళ్ళు కట్టారు. ఐదింటిలోకీ గొప్పది పళ్ళాయనదే. ఐదేళ్ళు కట్టాడు దాన్ని. తన ముక్కాలిని తనే గీసిన ప్లానుతో తనే కొలిస్తే తప్పెలా వస్తుంది? ఈ ఆదివారం నుంచి అది గ్రంథాలయం ముందు హాల్లో గాజు బీరువాలో శాశ్వతంగా ఉండబోతోంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకి లోపలెక్కడో చక్కిలిగింత పెట్టినట్టుంటోంది.

"ఇదెవరిది?" అన్నాడు బల్ల చివర ఆగి.

"నాదండీ," అంది టైలరమ్మ.

ఆవిడ సంఘంలో చేరి నాలుగు నెలలే అయింది. బజారు మలుపులో కుట్టు దుకాణం ఉంది. పదకొండుమంది మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడమనిషి, ఇదే తొలి నమూనా. అదీ ముక్కాలే. పళ్ళాయన వంగి చూశాడు. కాళ్ళకి చుట్టిన బంగారు రంగు రేకుని ఆవిడ అంటించలేదు, కుట్టింది. కంటికి ఆనీ ఆనని కుట్లు, అన్నీ ఒక్క వరసలో ఉన్నాయి. భేష్ అని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో తలుపు పక్కన చెయ్యి మీద చూపు పడింది. ప్లానులో చెయ్యి తలుపుకి కుడిపక్కన ఉంటుంది. ఇక్కడ ఎడమపక్కన ఉంది. చెయ్యే కాదు, పైనున్న సిగ్నళ్ళ పళ్ళెం, నిచ్చెన, అన్నీ అటువి ఇటూ ఇటువి అటూ ఉన్నాయి.

"తిరగేసి కట్టావమ్మాయ్."

"ఫోటో చూసే కట్టాను బాబాయ్ గారూ."

"ఫోటోలో కుడిపక్కనే ఉందిగా. కాయితం వెనక నుంచి చూశావా ఏంటి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. టైలరమ్మ మెడలోని టేపుని రెండు చేతులతో పట్టుకుంది. "ఆ ఫోటోలో వాళ్ళ కోట్లు ఒక్కసారి చూడండి. ఆ కోట్లకి..."

సంఘం అధ్యక్షుడు, పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, చెయ్యెత్తి ఆపారు. "అమ్మా, మేం చూసేది నౌకని, కోట్లని కాదు. టైలరు కంటికి కోటే ఆనుతుందిలే, నీ తప్పేం లేదు."

అందరూ గొల్లుమన్నారు. పళ్ళాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆవిడ చీటీ మీద 'బొమ్మల బల్ల' అని రాసి కింద గీత గీశాడు. ఆవిడ ముఖం చెవులదాకా కందిపోయింది. నమూనాని రెండు చేతుల్తో ఎత్తి అట్టపెట్టెలో పెట్టుకుంది.

మెట్లు దిగుతుంటే పళ్ళాయనకి మనసులో ఏదో కలుక్కుమంది. తప్పును తప్పన్నాడు, అందులో తప్పేముంది? కానీ నవ్వకుండా ఉండాల్సింది. ఏదో ఒక మంచిమాట అంటే పోతుందని మధ్యమెట్టు మీద ఆవిడని ఆపాడు.

"కోట్ల సంగతి ఎత్తావు కనక గుర్తొచ్చిందమ్మాయ్. ఆదివారం నేను గాజు బీరువా పక్కన నిలబడాలి. ఆ ఫోటోలో వాళ్ళు వేసుకున్నారే, అలాంటి తెల్లకోటు ఒకటి కుట్టిపెట్టు." జేబులోంచి ఫోటో కాపీ తీసి ఇచ్చాడు. "అచ్చం ఇందులో ఉన్నట్టు ఉండాలి."

టైలరమ్మ ఫోటోని చూసింది, ఆయన్ని చూసింది. "అచ్చం ఫోటోలో ఉన్నట్టేనా?"

"వెంట్రుకవాసి తేడా రాకూడదు."

"మళ్ళీ నన్ను అనకూడదు మరి."

"నేనెందుకంటాను?"

ఆవిడ అక్కడికక్కడే మెట్టు మీద నిలబెట్టి భుజాలు, ఛాతీ, చెయ్యి పొడుగు కొలిచి చీటీ మీద రాసుకుంది. కొలుస్తున్నంతసేపూ ఆవిడ కూడా ముఖం చూడలేదు.

గురువారం పొద్దున పదకొండు గంటలకి కోటు వచ్చింది. పళ్ళాయన ఇంటి ముందుగదే ఆయన పనిగది. ఆవేళ మైనంలో పైవరస పళ్ళు పేరుస్తున్నాడు. పొట్లం చూడగానే చేతులు కడుక్కుని, ఇస్త్రీ మడతలు విప్పి, కోటు తొడుక్కున్నాడు. భుజాల మీద అతికినట్టు కూర్చుంది. గుండీలు పెట్టుకోబోతే వేళ్ళు తడబడ్డాయి. గుండీ ఉండాల్సిన వైపు కాజా ఉంది, కాజా ఉండాల్సిన వైపు గుండీ ఉంది. ఎలాగో పెట్టుకుని, అలవాటుగా మైనం కత్తిని ఎడమవైపు గుండె మీదున్న జేబులో వేశాడు. కత్తి టంగుమని నేల మీద పడింది. తీసి మళ్ళీ వేశాడు. మళ్ళీ పడింది. తడుముకుని చూసుకుంటే జేబు కుడివైపు ఉంది.

"ఏమేవ్, ఇలా రా!" అని కేకేశాడు.

భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎగాదిగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బాగుందండీ. కాకపోతే గుండీలు ఆడవాళ్ళ వైపున్నాయి, నాకు కుట్టింది పొరపాటున మీకిచ్చినట్టుంది."

పళ్ళాయనకి ఒళ్ళు మండిపోయింది. సోమవారం నాటి కసి తీర్చుకుందన్నమాట! కోటు విప్పడం కూడా మరిచిపోయి, ఆ కోటుతోనే, కుడివైపు జేబుతోనే, బజారు మలుపుదాకా విసవిసా నడిచాడు.

దుకాణంలో టైలరమ్మ ఒక్కతే ఉంది. కత్తిరింపు బల్ల మీద ఖాకీ కాయితం పరిచి సుద్దతో గీత గీస్తోంది. ఆయన్ని చూసి సుద్ద పక్కన పెట్టింది, ఆయన వస్తాడని తెలిసినట్టే.

"ఏంటమ్మాయ్ ఇది? తిరగేసి కుట్టావు!"

"ఫోటో చూసే కుట్టాను బాబాయ్ గారూ."

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది గానీ కోపంలో పట్టించుకోలేదు. "కోటుకి జేబు ఎటుంటుందో తెలియకుండానే ఇన్నాళ్ళూ కుడుతున్నావా?"

"తెలుసండీ. అందుకే అడిగాను, అచ్చం ఫోటోలో ఉన్నట్టేనా అని." ఆవిడ బల్ల సొరుగులోంచి ఆయనిచ్చిన ఫోటోని తీసి ఖాకీ కాయితం మీద పెట్టింది. "చూడండి. నౌకని కాదు. మనుషుల్ని."

పళ్ళాయన కళ్ళద్దాలు ముక్కు కొసకి దించాడు. ఈ ఫోటోని ఆయన పదమూడేళ్ళుగా చూస్తున్నాడు. ఏ మరకి ఎన్ని పలకలున్నాయో కళ్ళు మూసుకుని చెబుతాడు. ఆ ఇద్దరు మీసాల మనుషుల్ని మాత్రం ఒక్కనాడూ చూడలేదు. వాళ్ళు నౌకకి అడ్డం నిలబడ్డారని విసుక్కోవడం తప్ప వాళ్ళతో ఆయనకి పనేముంది? ఇప్పుడు చూశాడు. ఎడమపక్కన ఉన్నాయన జేబు కుడి రొమ్ము మీద ఉంది. రెండో ఆయన జేబూ అక్కడే ఉంది. ఇద్దరి కోట్లూ ఎదురు తిరిగి మూసుకున్నాయి. ఇద్దరి గడియారాలూ కుడిచేతికే ఉన్నాయి.

"ఒకరికి తప్పు కుట్టారంటే టైలరు పొరపాటు," అంది ఆవిడ. "ఇద్దరికీ అదే తప్పు, ఇద్దరికీ గడియారం కుడిచేతికి. ఇది టైలరు పొరపాటు కాదండీ. అచ్చు వేసేవాళ్ళు ఫిల్ముని తిరగేసి పెట్టారు. ఫోటోయే తిరగబడింది." ఖాకీ కాయితంలోంచి చొక్కాచెయ్యి ముక్క ఒకటి తీసి అటు చూపించింది, ఇటు తిప్పి చూపించింది. "ఇలా పెడితే కుడిచెయ్యి, తిరగేస్తే ఎడమచెయ్యి. మాకు రోజూ ఉండే పనే. అందుకే నౌకని కట్టేముందు ఫోటోని పల్చటి కాయితం మీద దింపుకుని, ఆ కాయితాన్ని తిరగేసి కట్టాను."

పానా బిగిస్తున్న ఆ మనిషి ఎడమచేతివాటం వాడు కాదన్నమాట. ప్రదర్శనకి వచ్చే బడిపిల్లలకి పోస్టుమాస్టరు గారు ప్రతి ఏడూ చెబుతారు, గొప్పవాళ్ళలో ఎడమచేతివాటం వాళ్ళే ఎక్కువని, కావాలంటే ఈయన్ని చూడమని. పళ్ళాయనకి నవ్వు రాలేదు. కస్టమర్ల కోసం వేసిన స్టూలు మీద కూలబడ్డాడు. పదమూడేళ్ళ ప్లాను తప్పు. ఐదు ముక్కాళ్ళూ తప్పే. గాజు బీరువాలోకి వెళ్ళబోయేది అన్నిటికన్నా అందమైన తప్పు.

"మరి ఆ రోజే చెప్పకపోయావా?"

"చెప్పబోయాను కదండీ," అంది మెల్లగా.

పళ్ళాయన నాలుక కరుచుకున్నాడు.

"సోమవారం చాలా కోపమొచ్చింది. ఇంటికెళ్ళి నౌకని మంచం కిందికి తోసేశాను. ఇంక సంఘానికి రానే వద్దనుకున్నాను. మర్నాడు మీ కోటు కత్తిరిస్తుంటే మాత్రం నవ్వొచ్చింది. నవ్వొచ్చాక ఆ కోపం ఎటుపోయిందో పోయింది." లేచి అలమరలోంచి ఇంకో తెల్లకోటు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "దీనికి జేబు ఉండాల్సిన వైపే ఉంది. ఆదివారం ఏది వేసుకుంటారో మీ ఇష్టం."

శుక్రవారం పళ్ళాయన చేతికి పని సాగలేదు. నోటి అచ్చు అంటేనే తిరగబడ్డ నోరు. పన్నున్న చోట గుంట, గుంటున్న చోట పన్ను. కుడి కోరపన్ను ఎడమవైపు పెడితే ఏ మనిషీ మర్యాదకి కూడా నోట్లో ఉంచుకోడు, సాయంత్రానికల్లా డాక్టరు ఫోను చేస్తాడు. ఆ భయంతోనే ఆయన ప్రతి అచ్చునీ మూడుసార్లు తిప్పి చూసి గానీ ముట్టుకోడు. ముక్కాలి మాత్రం నోరెత్తలేదు. ఏ చంద్రుడి మీదో పడి ఉన్న దానికి తన నమూనా కుడో ఎడమో ఏం పట్టింది? అలా అనుకుంటే కాసేపు హాయిగా ఉండేది. అంతలోనే టైలరమ్మ చెవులదాకా కందిన ముఖం గుర్తొచ్చేది. మధ్యాహ్నానికి ఇక ఉండబట్టలేక పోస్టుమాస్టరు గారింటికి వెళ్ళి అంతా చెప్పాడు.

పోస్టుమాస్టరు గారు ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. ఆయన కట్టిన ముక్కాలి పక్కనే చిన్నబల్ల మీద ఉంది. దాని వంక చూడకుండా ఫోటోని తిరిగిచ్చేశారు.

"నిజమేననుకో. అయితే ఏమంటావు? ఎల్లుండే ప్రదర్శన. గాజు బీరువా కోసం మనం గ్రంథాలయం చుట్టూ మూడేళ్ళు తిరిగాం. ఇప్పుడెళ్ళి మా ప్లానే తప్పంటే మనల్ని గుమ్మం తొక్కనిస్తారా? ఆదివారం గడవనీ. తర్వాత మెల్లగా చూద్దాం."

"ఆ అమ్మాయి నమూనా?"

"బొమ్మల బల్ల మీద ఉంటే కొంప మునిగిందా? పిల్లలు ముచ్చటపడతారు."

పళ్ళాయన అక్కడ తల ఊపి వచ్చేశాడు. సిగ్గుపడాల్సిన సంగతే అయినా చెప్పుకోవాలి, ఆ మాట వినగానే ఆయన ప్రాణం లేచివచ్చింది. ఒక పెద్దమనిషి పర్లేదన్నాక ఇంక తనదేముంది?

శనివారం మధ్యాహ్నం నమూనాని ఒళ్ళో పెట్టుకుని, కుదుపొస్తే గాల్లోకి ఎత్తిపట్టుకుంటూ, బస్సులో గ్రంథాలయానికి తీసుకెళ్ళాడు. గ్రంథాలయం మేడమ్ గారు గాజు బీరువాని తళతళలాడేలా తుడిపించి, లోపల నల్లగుడ్డ పరిపించి సిద్ధంగా ఉన్నారు. ముక్కాలిని మధ్యలో పెట్టి దీపం వేయగానే దాని మూడు కాళ్ళూ బంగారంలా మెరిశాయి. పళ్ళాయనకి కళ్ళు చెమర్చాయి. దీనికోసం ఎన్ని సాయంత్రాలు, ఎన్ని మైనం ముక్కలు, మేకు తలంత మరని భూతద్దం కింద పెట్టి ఎన్నిసార్లు విరగ్గొట్టుకున్నాడు! తను లేకపోయినా ఇది ఉంటుంది, ఎవరో ఒకరు ఆగి చూస్తారు. అంతకన్నా ఏం కావాలి మనిషికి?

"చీటీ నేనే టైపు చేయించానండీ, సరిపోయిందా చూడండి," అన్నారు మేడమ్ గారు. చీటీ మీద 'అసలు నౌకకి అచ్చమైన నకలు' అని ఉంది.

"సరిపోయిందండీ," అన్నాడు పళ్ళాయన. చీటీ వైపు మళ్ళీ చూడకుండా గబగబా బయటపడ్డాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే భార్య చూసి చూసి అడిగింది. ఆయన చెప్పాడు, కోటు దగ్గర నుంచి చీటీ దాకా. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఐదేళ్ళు దాన్ని కట్టినన్నాళ్ళూ ఇంట్లో హుషారుగా తిరిగారు. అది పూర్తయిన రోజు నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. నాకైతే అది బీరువాలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మీకు ముద్ద దిగడం ముఖ్యం. వెళ్ళి చెప్పేసి రండి."

"నలుగుర్లో తల కొట్టేసినట్టవుతుందే."

"ఆ అమ్మాయికి అయింది కదా మొన్న. బతికే ఉందిగా?"

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, తలుపులు తెరవడానికి ఇంకా గంట ఉందనగా, సభ్యులంతా ముందు హాల్లో బల్లలు సర్దుతున్నారు. టైలరమ్మ కూడా వచ్చింది. బొమ్మల బల్ల మీద తన నమూనాని పెట్టి, వారమంతా మంచం కింద ఉన్న దానికి అంటిన దుమ్ముని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. పళ్ళాయన లోపలికి అడుగుపెట్టాడు. కుడివైపు జేబున్న కోటే వేసుకున్నాడు. గాజు బీరువా ముందు నిలబడి, రెండుసార్లు దగ్గి, గట్టిగానే మొదలెట్టాడు.

"అందరూ ఒక్కసారి నా కోటు చూడండి."

చూశారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చివరికి బ్యాంకు గుమాస్తా అన్నాడు, "జేబు తిరగేసి కుట్టారండీ. ఏ టైలరో గానీ..." అని బొమ్మల బల్ల వైపు చూసి ఆగిపోయాడు.

"టైలరు తిరగెయ్యలేదు. అచ్చం మన ఫోటోలో ఉన్నట్టు కుట్టించుకున్నాను. మీ మీ జేబులు ఎటున్నాయో చూసుకుని, ఆ తర్వాత ఈ ఫోటో చూడండి."

పదిమంది చేతులూ పది గుండెల మీదికి వెళ్ళాయి. ఎవరి జేబు వాళ్ళు తడుముకున్నారు. జేబు లేని చొక్కా వేసుకొచ్చిన ఒకాయన పక్కాయన జేబు తడిమి చూశాడు. తర్వాత అందరి తలలూ ఫోటో మీద ఒక్కచోట చేరాయి. ఒక్కొక్కరికీ అర్థమైన క్షణం వాళ్ళ మెడలు చూస్తేనే తెలిసిపోతోంది. పోస్టుమాస్టరు గారు మాత్రం పళ్ళాయన వంక ఒకసారి గుర్రుగా చూసి, ఇక లాభం లేదనుకున్నారో ఏమో, కుర్చీలో కూర్చున్నారు.

"అయితే ఆయన ఎడమచేతివాటం కాదన్నమాట," అన్నారు, అన్నిటికన్నా ఆ సంగతే ఆయనకి కష్టంగా ఉన్నట్టు.

"నా ప్లాను తప్పు. నేను కట్టింది తప్పు. సోమవారం సరిగ్గా కట్టినావిణ్ణి తప్పన్నాను, పైగా నవ్వాను." పళ్ళాయన బొమ్మల బల్ల దగ్గరికి నడిచాడు. "అమ్మాయ్, క్షమించు. ఇంకేం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను."

టైలరమ్మ చేతిలో గుడ్డని మడత మీద మడత పెట్టింది. "కొలవండి బాబాయ్ గారూ."

"ఏంటి?"

"ఆ రోజు చెయ్యి ఎటుందో చూసి ఆపేశారు. మిగతాదేదీ కొలవనేలేదు. నాలుగు నెలలు కట్టాను. అందరివీ కొలిచినట్టు నాదీ కొలవండి."

పళ్ళాయన జేబులోంచి స్కేలు తీశాడు. ప్లాను కాయితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, వెలుగులో వెనకవైపు నుంచి గీతల్ని దించుకున్నాడు. బ్యాంకు గుమాస్తా ఒక కొస పట్టుకుంటే పోస్టుమాస్టరు గారు లేచొచ్చి రెండో కొస పట్టుకున్నారు. తలుపు కొలిచాడు. సరిపోయింది. పళ్ళెం, నిచ్చెన, తవ్వే చెయ్యి మూడు కీళ్ళూ సరిపోయాయి. కాళ్ళ దగ్గరికొచ్చి ఆగాడు. మళ్ళీ కొలిచాడు. తల ఎత్తకుండా ఉండగలిగితే బాగుండనిపించింది గానీ, ఈసారి ఎత్తి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"వెనక కాలు రెండు మిల్లీమీటర్లు పొట్టి."

హాల్లో ఎవరో అబ్బా అన్నారు. ఇంత జరిగాక ఆ రెండు మిల్లీమీటర్లూ మింగేస్తే ఏం పోయిందన్నట్టు పోస్టుమాస్టరు గారు మోచేత్తో పొడిచారు కూడా. టైలరమ్మ వంగి చూసింది. స్కేలు తీసుకుని తనే కొలుచుకుంది. అప్పుడు, నాలుగు నెలల్లో మొదటిసారి, ఆవిడ ముఖమంతా విప్పారింది.

"నిజమేనండీ! రేకు కుట్టేటప్పుడు లాగి ఉంటాను. ఇది నా తప్పే."

"ఒకటి దాకా అయితే వదిలేస్తాం. రెండు వదలం."

"వదలొద్దండీ. వచ్చే ఏడాదికి సరిచేస్తాను."

గ్రంథాలయం మేడమ్ గారు తాళంచెవులతో వచ్చి, బీరువాలో ఏది ఉంచాలో ఎవరైనా కాస్త తేల్చి చెప్పండన్నారు. పళ్ళాయన తన ముక్కాలిని నల్లగుడ్డ మీద నుంచి తనే తీశాడు. టైలరమ్మదాన్ని మధ్యలో పెట్టి, వెనక కాలి కింద రెండు పొరల కాయితం మడిచి పెట్టాడు. చీటీ మీద 'అచ్చమైన' అన్న మాట కొట్టేసి 'రెండు మిల్లీమీటర్ల తేడాతో' అని పెన్సిల్తో రాశాడు. అలాగే ఉండనివ్వమంది టైలరమ్మ. ఆ రోజు ప్రదర్శనకి వచ్చినవాళ్ళు మిగతా అన్నిటికన్నా ఆ చీటీ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

తప్పిన ఐదు ముక్కాళ్ళూ బొమ్మల బల్ల మీదికి వెళ్ళాయి. పిల్లలు పళ్ళాయన ముక్కాలి తలుపుని వందసార్లు తెరిచి ఉంటారు, వందసార్లు మూసి ఉంటారు. అది ఊడలేదు. పక్కనే నిలబడ్డ పళ్ళాయన, తను పెట్టిన కీలు ఇంత గట్టిదని ఇప్పుడే తెలిసిందని పోస్టుమాస్టరు గారితో మూడుసార్లు అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చాడు. పనిగది బల్ల నిండా రేపటి పళ్ళ అచ్చులు ఆరబెట్టి ఉన్నాయి. ముక్కాలిని ఎక్కడ పెట్టాలో తెలియక భార్య దాన్ని తడిగుడ్డతో తుడిచి, పడకగదిలో తను తల దువ్వుకునే అద్దం బల్ల మీద పెట్టింది. పళ్ళాయన కాళ్ళు కడుక్కుని, మంచం మీద వాలదామని లోపలికి వెళ్ళాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

అద్దంలో ముక్కాలి ఉంది. దాని తవ్వే చెయ్యి తలుపుకి ఎడమపక్కన ఉంది. పళ్ళెం ఉండాల్సిన చోట ఉంది. నిచ్చెన, మరలు, గొట్టాలు, ఆ ఐదేళ్ళూ ఆయన చెక్కినవన్నీ, ఒక్కటీ తప్పకుండా, ఆ రోజు చంద్రుడి మీద దిగినవి దిగినట్టే ఉన్నాయి. ఆయన మంచం అంచున కూర్చుండిపోయాడు. తన ముక్కాలిని సరైన రూపంలో చూడడం ఇదే మొదటిసారి. ఎంత చక్కగా ఉంది!

"ఏమేవ్! పెద్దకాయితం, స్కేలు, పెన్సిలు పట్రా!"

భార్య అన్నీ తెచ్చి, ఆయన స్టూలు లాక్కుని అద్దం ముందు స్థిరంగా కూర్చోవడం చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మరి నేను తల దువ్వుకునేదెక్కడ?"

"ఓ రెండు నెలలు వంటింట్లో దువ్వుకోవే."

"రెండు నెలలేంటి, మీ సంగతి నాకు తెలియదూ, ఇంకో ఐదేళ్ళు అనండి," అంటూ దువ్వెన తీసుకుని వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ కిటికీ తలుపు బార్లా తీసి వెలుతురు పడేలా చేసింది.

పళ్ళాయన కాయితాన్ని మోకాళ్ళ మీది పలకకి బిగించాడు. అద్దంలోని ముక్కాలిని చూస్తూ గీయాలి, బల్ల మీది ముక్కాలిని కొలవాలి. తిన్నగా కూర్చుని పెన్సిలు చెక్కుకున్నాడు. నౌక గీత ఒక్కటీ గియ్యకముందే కాయితం అడుగున మూలకి వెళ్ళి, చిన్న అక్షరాలతో, ఒకదాని కింద ఒకటి రెండు వరసలు రాశాడు.

చూసినది: టైలరమ్మ.

గీసినది: పళ్ళాయన.